నీడతో జోడీ

ఉత్తర జపాన్‌లో మా అకితా తీరంలో చలికాలం మూడున్నరకే వెలుతురు సన్నగిల్లుతుంది. ఐదింటికల్లా పూర్తిగా చీకటి. మా గేమ్ సెంటర్‌కి కిటికీలు లేవు కాబట్టి ఆ తేడా మాకు తెలిసేది కాదు. మెట్లెక్కి వచ్చేవాళ్ల భుజాల మీద మంచు ఎంతుందో చూసి, బయట ఎలా ఉందో అనుకునేవాళ్లం.

రైల్వే స్టేషన్ ఎదుట పాత దుకాణాల భవనంలో మూడో అంతస్తు మాది. కింది అంతస్తుల్లో దుకాణాలు ఒక్కొక్కటే మూతపడి, చివరికి ఒక మందుల షాపు, బట్టలకి జిప్పులు మార్చే ఒకావిడ మిగిలారు. పైన మేము. కిరోసిన్ స్టవ్ వాసన, తడి మేజోళ్ల వాసన, ఏళ్ల తరబడి సిగరెట్ పొగ తాగిన తివాచీ వాసన. మామూలు రోజుల్లో మధ్యాహ్నం డ్యూటీ నేనొక్కదాన్నే చేసేదాన్ని. నా పేరు నగుమో చియా. అక్కడ ఆరేళ్లు పని చేశాను.

అన్నిటికన్నా లోపలి మూలలో అడుగుల మిషన్ ఉండేది. పెద్ద తెర, దాని ముందు పక్కపక్కనే రెండు ఇనుప అరుగులు. ఒక్కో అరుగు మీద నాలుగు బాణం పలకలు. పాట మొదలవగానే తెర మీద కింద నుంచి బాణాలు పైకి వస్తాయి. పైన గీత తాకే క్షణానికి ఆ పలక మీద అడుగు పడాలి. ముందు పడినా తప్పే, వెనక పడినా తప్పే. ఆట అంతే.

జనవరి మొదటి వారంలో ఒక పెద్దావిడ వచ్చింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తలకి ఉన్ని గుడ్డ. నేరుగా కౌంటర్ దగ్గరికొచ్చి, రుమాల్లో చుట్టిన ప్లాస్టిక్ కార్డు ఒకటి బయటికి తీసింది.

"అమ్మాయ్, ఇది మీ దగ్గరిదేనా?"

"మా అడుగుల మిషన్‌దేనండీ. మీకెక్కడ దొరికింది?"

"దొరకలేదు. మా మనవరాలిది."

కార్డు తిప్పి చూశాను. వెనక నల్ల సిరాతో కొజుయె అని రాసుంది.

కొజుయె నాకు తెలుసు. పందొమ్మిదేళ్ల పిల్ల. అక్టోబరులో ఒక సాయంత్రం మా మెట్లు దిగి, ఎదురుగా బస్టాపు బల్ల మీద కూర్చుంది. మూడు బస్సులు వచ్చి వెళ్లినా లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ వయసులో అలా జరగడం అరుదే కానీ, జరుగుతుందన్నారు.

"నేను దాని బామ్మని. ఒరికాసా ఫుమియె," అంది ఆవిడ. "ఆ రోజు నువ్విక్కడే ఉన్నావా?"

"లేదండీ. ఆ రోజు నాకు సెలవు."

అబద్ధం. నేనున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఫుమియె గారు హార్బరులో ముప్పై ఏళ్లు చేపలు కోసిన మనిషి. వేసవిలో, పోయినవాళ్లని తలుచుకునే బొన్ పండక్కి మా వైపు వీధి నాట్యం ఆడే గుంపులో అందరికన్నా ముందు నడిచేది కూడా ఆవిడే. కొజుయెకి ఆ నాట్యం నేర్పింది. పిల్ల పదిహేనేళ్లకి అది మానేసి, మా మిషన్ ఎక్కింది. పోయిన వేసవిలో ఇద్దరికీ మాటా మాటా వచ్చింది.

"ఇనప రేకుల మీద గెంతడానికా నీకు నేను కాళ్లిచ్చింది, అన్నాను," అంది ఫుమియె గారు, స్టవ్ వైపు చూస్తూ. "తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడ్డానికి లేదు. అందుకే, అది ఇక్కడ ఏం చేసేదో చూద్దామని వచ్చాను. నేర్పు."

బూట్లు విప్పించి, మేజోళ్లతో ఎడమ అరుగు మీద నిలబెట్టాను. కార్డు పెట్టగానే తెర మీద ఆటలోని పద్ధతుల పట్టిక వచ్చింది.

"మొదటిది సింగిల్. ఒక మనిషి, ఒక అరుగు, నాలుగు పలకలు."

"వంటింట్లో ఒక్కత్తినే వండుకున్నట్టు."

"రెండోది జోడీ. ఇద్దరు మనుషులు, చెరో అరుగు. ఒకే పాట ఇద్దరూ ఆడతారు, ఎవరు తప్పులు తక్కువ చేస్తే వాళ్లది గెలుపు. మూడోది డబుల్. మనిషి ఒకరే, అరుగులు రెండూ వాళ్లవే. ఎనిమిది పలకల మీదా అటూ ఇటూ పరిగెత్తాలి."

"మా ఆయన పోయాక నా బతుకది," అంది. నవ్వకుండానే అంది. నాకే నవ్వొచ్చింది.

"నాలుగోది వరస. నాలుగు పాటలు ఆపకుండా వస్తాయి. మధ్యలో ఊపిరి పీల్చుకునే వీలుండదు. పైన ఈ ఆకుపచ్చ గీత ఉంది చూడండి, అది మీ ప్రాణం. తప్పు చేసినప్పుడల్లా తరుగుతుంది. అయిపోతే ఆట ఆగిపోతుంది."

"చివరిదేంటి? బూడిద రంగులో ఉంది."

నేను కొంచెం తటపటాయించాను. "అది నీడ అండీ. మనం ఇదివరకు ఆడిన ఆటని మిషన్ దాచుకుంటుంది. ఏ క్షణంలో ఏ కాలు పడింది, ఎక్కడ ఆలస్యమైంది, అన్నీ. ఈ పద్ధతిలో ఆ పాత ఆట తెరకి కుడి పక్కన బూడిద రంగు పాదాలుగా కనబడుతుంది. మనతో మనమే పోటీ పడొచ్చు."

ఆవిడ తెర మీది ఆ బూడిద అక్షరాలని వేలితో తాకింది.

"అంటే దాని అడుగులు ఇందులో ఉన్నాయా?"

ఉన్నాయి. ఇరవై మూడు ఆటలు, తేదీల వారీగా. కానీ నెలాఖరున ఆ మిషన్‌కి కంపెనీ సర్వీసు ఆగిపోతోంది. దాచుకున్న ఆటలన్నీ ఆ రోజుతో చెరిగిపోతాయి. ఆ మాట చెప్పేసరికి ఆవిడ వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది.

"రోజుకొకటి చూస్తాను. ఒక్కసారే తినేస్తే ఊరగాయ మిగలదు," అంది.

మొదటి ఆట పెట్టాను. సింగిల్‌లో ఒక తేలిక పాట, రెండేళ్ల కిందటిది. తెరకి ఎడమ పక్క ఆవిడ బాణాలు, కుడి పక్క బూడిద పాదాలు. ఫుమియె గారు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. పాట సగంలో ఆవిడ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.

"ఎడమ కాలు చూడు. ఆలస్యంగా పడుతోంది. ఆరేళ్లప్పుడు పడవ మీంచి పడి మడమ విరిగింది. నాట్యంలోనూ అంతే, ఎడమది ఒక్క పిసరు వెనక." తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇది మా పిల్లే."

ఆ రోజు నుంచి రోజూ మూడింటికల్లా వచ్చేది. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ కాగితంలో చుట్టి నాకు తెచ్చేది. వారంలో ఆడటం నేర్చుకుంది. డెబ్భై ఒక్కేళ్ల మనిషి అలా అడుగు వేస్తుందని నేననుకోలేదు. మోకాలు ఎత్తేది కాదు, నాట్యంలోలా పాదం జార్చేది. ఒక్కోసారి ఆడుతూ ఆడుతూ నీడతో మాట్లాడేది. "అక్కడ తొందరెందుకే? పాట నీకంటే ముందు పరిగెత్తిపోతుందా?" అని.

పన్నెండో ఆట దాకా నాకేమీ తేడా తెలియలేదు.

పదమూడో ఆటలో పాట మధ్యలో ఫుమియె గారికి దగ్గొచ్చి ఆగింది. అరుగు వెనకున్న ఇనుప కమ్మీ పట్టుకుని వంగి దగ్గుతోంది. ఊరికే తెర వైపు చూశాను. కుడి పక్క బూడిద పాదాలు కూడా ఆగాయి. బాణాలు వాటిని దాటి పైకి పోతున్నాయి. ఆవిడ తేరుకుని మళ్లీ అడుగు వేసింది. అవీ వేశాయి.

ఎప్పుడో ఆడి దాచిన ఆట అది. అది ఎవరి కోసమూ ఆగదు.

"నా కోసం ఆగింది, చూశావా?" అంది ఆవిడ మెల్లగా. మొహం వెలిగిపోతోంది. "కోపం పోయినట్టుంది."

ఆవిడ వెళ్లాక మేనేజరు మియాకె గారికి ఫోన్ చేసి చెప్పాను. మిషన్ పాతబడిందనీ, ఎలాగూ నెలాఖరుకి తీసేస్తున్నామనీ అన్నాడు. ఫోన్ పెట్టేసి, అరుగులు తుడుద్దామని గుడ్డ తీసుకెళ్లాను. ఎడమ అరుగు చల్లగా ఉంది. ఫుమియె గారు దిగి అరగంట దాటింది మరి. కుడి అరుగు మీద చెయ్యి పెట్టాను. దాని మీద ఆ రోజు ఎవరూ ఎక్కలేదు.

వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో దిగి వెళ్లినట్టు.

తర్వాతి రోజుల్లో వినడం మొదలుపెట్టాను. నీడ పద్ధతిలో కుడి అరుగుకి పనిలేదు, దాని దీపాలు కూడా వెలగవు. కానీ పాట జోరుకి మధ్యలో, ఫుమియె గారి జారే అడుగులకి మధ్యలో, ఇంకో చప్పుడు ఉండేది. పలక నొక్కుకున్నప్పటి చిన్న టక్... టక్... మిగతా మిషన్లన్నీ ఒకేసారి మోగే గదిలో అలాంటిది వినబడకూడదు. నాకు వినబడేది.

పదహారో ఆట నుంచి ఇంకోటి గమనించాను. ప్రతి ఆట పక్కనా దాన్ని ఏ పద్ధతిలో ఆడారో, ఎవరితో ఆడారో రాసుంటుంది. మొదటి పదిహేనూ సింగిల్. చివరి ఎనిమిదీ నీడ పద్ధతిలో ఆడినవి. అంటే కొజుయె కూడా ఎవరి నీడతోనో ఆడింది. తన పాత ఆటతో ఆడి ఉంటే ఎదురుగా తన పేరే ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంది. ఎనిమిదింటిలోనూ ఖాళీయే.

ఇరవై రెండో ఆట అయ్యాక ఫుమియె గారికి చెప్పాను.

"బామ్మగారూ, చివరిది వద్దండీ. అది నీడతో ఆడిన వరస. నాలుగు పాటలు ఆపకుండా. మీ వల్ల కాదు."

"ఎప్పుడాడింది అది?"

తేదీ తెర మీదే ఉంది. అక్టోబరులో ఆ రోజు.

"అయితే అది చూడకుండా ఎలా పోతాను?" అంది ఆవిడ.

ముప్పై ఒకటో తేదీన మంచుతుఫాను. మధ్యాహ్నమే బస్సులు ఆపేశారు. మియాకె గారు ఐదింటికి మూసెయ్యమన్నాడు. ఎవరూ రారనుకున్నాను. నాలుగుంపావుకి మెట్ల మీద రబ్బరు బూట్ల చప్పుడైంది. హార్బరు నుంచి నడిచి వచ్చింది. కనుబొమ్మల మీద మంచు గడ్డకట్టుకుపోయి ఉంది.

టీ ఇచ్చాను. కప్పు సగం తాగి పక్కన పెట్టి, మేజోళ్లు సర్దుకుని అరుగు ఎక్కింది. నేను కమ్మీ పక్కనే నిలబడ్డాను. మిగతా మిషన్లన్నీ అప్పటికే ఆపేశాను. గదిలో ఆ తెర వెలుగొక్కటే.

కార్డు పెట్టింది. నీడ. వరస. ఇరవై మూడు.

మొదటి పాట బాగానే సాగింది. ఆవిడ పాదాలు జారుతున్నాయి, బూడిద పాదాలు పక్కన ఆడుతున్నాయి. ఎడమ కాలు ఒక్క పిసరు ఆలస్యం. ఆవిడ పెదాల మీద చిరునవ్వు ఉంది. రెండో పాట. చెమట. మూడో పాటకి నోటితో ఊపిరి పీలుస్తోంది. ప్రాణం గీత సగానికి తగ్గింది.

నాలుగో పాటలో ఎడమ కాలు ఆలస్యం కావడం మానేసింది.

ఇద్దరం ఒకేసారి గమనించాం. బూడిద పాదాలు గీత మీద ఖచ్చితంగా పడుతున్నాయి. ఒక్క తప్పు లేదు. మనిషి ఆడినట్టు లేదు. కుడి అరుగు మీద టక్ టక్ ఇప్పుడు దాక్కోవడం లేదు... కమ్మీ మీద పెట్టిన నా చేతికి అదురు తెలుస్తోంది.

"ఇది మా పిల్ల కాదు," అంది ఫుమియె గారు, గుసగుసగా.

"దిగండి బామ్మగారూ."

నాలుగో పాట అయిపోయింది. ఆట అక్కడితో ఆగాలి.

ఐదో పాట మొదలైంది.

ఆ మిషన్‌లోని పాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇది అందులోది కాదు. పాటంటూ లేదు. దరువు ఒక్కటే... నెమ్మదిగా, లోతుగా... తలుపు అవతల ఎవరో పాదంతో తన్నుతున్నట్టు. బాణాలు రావడం లేదు. తెరకి ఎడమ పక్క ఖాళీ. అయినా ఆవిడ అడుగులు వేస్తూనే ఉంది.

"దిగండి. ఇంక చాలు."

"కాళ్లు నా మాట వినట్లేదమ్మా," అంది. గొంతు మామూలుగానే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చెయ్యి పట్టుకుని లాగాను. డెబ్భై ఒక్కేళ్ల మనిషి బరువు కాదది. అరుగుకి బిగించేసినట్టుంది. అప్పుడు ఆవిడ తల కొద్దిగా పక్కకి వంచింది. వింటున్నట్టు.

"ఆగు... విను."

"ఏం వినాలి?"

"దాని వెనకాల. సన్నగా ఉంది చూడు..."

విన్నాను. టక్ టక్, ఖచ్చితమైన ఆ అడుగుల కింద ఇంకో జత. చాలా అలసిపోయిన అడుగులు. ఈడ్చుకుంటూ... ఎడమ కాలు వెనకబడుతూ...

"ఆడుతూనే ఉంది," అంది ఫుమియె గారు. "అక్టోబరు నుంచీ ఆగనివ్వలేదు దాన్ని."

ఆవిడ నా చెయ్యి వదిలించుకుంది. ఆ తర్వాత ఆవిడ చేసిన పని నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఎడమ అరుగు మీంచి కుడి అరుగు మీదికి అడుగు జరిపింది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. డబుల్ ఆడేవాళ్లు నిలబడినట్టు, రెండు అరుగులూ తనే తీసుకుంది. బొన్ నాట్యంలో గుంపుకి ముందు నడిచేటప్పుడు వెనకవాళ్లకి వినబడేలా లెక్క చెబుతారు, అలా మొదలుపెట్టింది.

"నాకివ్వు," అంది, ఎవరితోనో. "దాన్ని వదిలి నాకివ్వు. నేను ఆడతాను."

నేను మిషన్ వెనక్కి పరిగెత్తాను. దుమ్ములో వైర్లు వెతుక్కుని, పెద్ద ప్లగ్గు రెండు చేతులతో లాగేశాను.

తెర ఆరిపోయింది. గదంతా చీకటి. కిరోసిన్ స్టవ్ అడుగున నీలం మంట ఒక్కటే.

దరువు ఆగలేదు.

చీకట్లో అడుగులు వినబడుతున్నాయి. ఫుమియె గారి జారే అడుగులు... వాటి పక్కన ఇనుము మీద ఆ టక్ టక్... మూడో జత కోసం విన్నాను. ఊపిరి బిగబట్టి విన్నాను. అది లేదు. ఆగిపోయింది. ఆ ఒక్కటీ ఆగిపోయింది.

తర్వాత బరువైనదేదో అరుగు మీద పడింది. నిశ్శబ్దం.

తుఫానులో అంబులెన్స్ రావడానికి యాభై నిమిషాలు పట్టింది. ఆవిడ తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. చలికి పాదాలు నీలంగా మారాయి. వేళ్లు మాత్రం మేజోళ్లలో ఒక్కొక్కటే కదులుతున్నాయి. నేను చేత్తో గట్టిగా పట్టుకున్నాను. నా అరచేతిలో కదులుతూనే ఉన్నాయి.

మిషన్‌ని ఫిబ్రవరిలో తీసుకెళ్లారు. మార్చిలో మా సెంటరు మూసేశారు. నేనిప్పుడు స్టేషన్ పక్కన డబ్బాల్లో సర్ది అమ్మే బెంతో భోజనాల కొట్లో పని చేస్తున్నాను. గురువారం సెలవు. ఆ రోజు కొండ మీది ఆసుపత్రికి వెళ్తాను.

ఫుమియె గారు మాట్లాడదు. తినిపిస్తే తింటుంది. దుప్పటి కింద పాదాలు రాత్రింబవళ్లు కదులుతాయి. నరాల జబ్బని డాక్టర్లు అంటారు. మందులిచ్చారు, తగ్గలేదు. కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. అయినా ఆ అడుగు జారే తీరు మారలేదు.

ఏప్రిల్‌లో ఒక గురువారం, గదిలో ఎవరూ లేనప్పుడు, ఆవిడ చెవి దగ్గర వంగి చెప్పాను.

"బామ్మగారూ, ఆ రోజు నాకు సెలవు కాదండీ. నేనున్నాను. కొజుయె అరుగు మీంచి నా వైపు చూసి ఏదో అంది. పెదాలు కదిలాయి. పాట పాడుకుంటోందనుకున్నాను. చెయ్యి ఊపి, కౌంటర్ అద్దం తుడుచుకుంటూ ఉండిపోయాను. ఇప్పుడు తెలుస్తోంది, ఏమందో. ఆపమంది."

దుప్పటి కింద పాదాలు ఆగాయి.

ఎంతసేపో తెలీదు. నేను ఏడవడం మొదలుపెట్టేంత సేపు. ఆవిడ చూపు గది పైకప్పు మీంచి దిగి నా మొహం మీదికొచ్చింది. క్షమించిందో, లేదో. ఆ కళ్లలో నాకు కనిపించింది తొందర ఒక్కటే. ఎవరికో అడుగు తప్పిపోతుందన్న తొందర. వెంటనే పాదాలు మళ్లీ మొదలయ్యాయి, ఆగినంతసేపటి బాకీ తీర్చుకుంటున్నట్టు, ఇంకా వేగంగా.

బయటికొస్తుంటే నర్సు గుమ్మం దగ్గర కలిసింది. కొత్తగా చేరిన అమ్మాయి. చేతుల మీద ఉతికిన దుప్పట్ల దొంతర.

"మీరు ఆవిడ బంధువులా అండీ?"

"తెలిసినవాళ్లం."

"ఒక మాట అడగొచ్చా?" గొంతు తగ్గించింది. "ఇది నాలుగు మంచాల గది. ఫిబ్రవరి నుంచీ ఈవిడొక్కరే ఉన్నారు. రాత్రి నేనే తాళం వేసి వెళ్తాను. పొద్దున్న వచ్చేసరికి మిగతా మూడు మంచాల మీదా దుప్పట్లు కాళ్ల వైపు నలిగిపోయి ఉంటున్నాయి. రోజూ సర్దుతున్నాను."

వెనక్కి తిరిగి గదిలోకి చూశాను. మంచాలు చక్కగా సర్ది ఉన్నాయి. తెల్లగా, బిగుతుగా.

"ఒకటి ఆ నీడది, ఒకటి కొజుయెది... రెండైతే ఏదో సరిపెట్టుకునేదాన్ని," అనబోయి ఆగిపోయాను. ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది?

"మూడూనా?" అని మాత్రం అడిగాను.

"మూడూ అండీ," అంది. "కిటికీ పక్కది నిన్నటి నుంచే."